పెట్టె ఏది? బిల్లు ఏది?

పాత లాప్‌టాప్ కొనడానికి పోయినవాడు ఏం చేస్తాడో అందరికీ తెలిసిందే. మూత తెరిచి, మూసి, కీళ్ళు వదులయ్యాయా అని చూస్తాడు. స్క్రీన్‌ను వెలుతురుకు ఏటవాలుగా పెట్టి గీతలు వెతుకుతాడు. మీటలన్నీ వరసబెట్టి నొక్కుతాడు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడుగుతాడు, దుకాణదారు మూడు గంటలంటే మనసులో గంటన్నర అనుకుంటాడు. చివరికి బేరమాడి అయిదు వందలు తగ్గించుకుని లోకాన్ని గెలిచినట్టు బయటికొస్తాడు.

నేనూ ఇవన్నీ చేశాను. చెయ్యనివి రెండే. కొత్తగా విండోస్ ఎక్కించి, నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, అక్కడే ఆ కౌంటర్ మీదనే మొదట్నుంచి ఆన్ చేయించి చూడలేదు. బిల్లు అడగలేదు. బిల్లు కావాలంటే జీఎస్టీ కలుస్తుందన్నాడు, నేను నోరు మూసుకున్నాను. మీరైతే అడిగేవారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇందులో ఉన్న వెటకారం అర్థం కాదు. బీర్కూర్‌లో నాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. పాస్‌పోర్టు ఫొటోలు, కరెంటు బిల్లులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, అప్పట్లో ధరణి స్లాట్లు, ముహూర్తాలుంటే పెళ్ళిపత్రికలు. ఆధార్ నంబరు కొట్టి వేలిముద్ర పెట్టించుకుని పైసలు ఇచ్చే పని కూడా ఉంది. నిజాంసాగర్ కాలువ కింద వరి పండే ఊరు కాబట్టి వడ్ల పైసలు ఖాతాల్లో పడ్డ వారం నా దుకాణం ముందర నిలబడ సందుండదు.

ఫోన్లు కూడా తెస్తుంటారు. ముఖ్యంగా జీమెయిల్ లాక్ పడ్డవి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఒక పద్ధతి ఉంది. ఫోన్‌ను బలవంతంగా రీసెట్ చేస్తే, మళ్ళీ ఆన్ అయ్యేటప్పుడు అంతకుముందు అందులో ఉన్న జీమెయిల్ ఖాతా అడుగుతుంది. అది చెప్పకపోతే ఫోన్ ముందుకు కదలదు. దొంగ ఫోన్లు అమ్ముడుపోకుండా పెట్టిన అడ్డు అది. ఫైనాన్స్ మీద తీసుకున్న ఫోన్లలో ఇంకో రకం తాళం ఉంటుంది, కిస్తీ తప్పితే స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఏ కుర్రాడు అలాంటి ఫోన్ తెచ్చి "అన్నా, జర ఈ లాక్ తీయవా" అన్నా, నేను కుర్చీలో వెనక్కి వాలి ఒకటే మాట అనేవాణ్ణి.

"పెట్టె ఏది? బిల్లు ఏది?"

వాడు నీళ్ళు నమిలేవాడు. "మా బావది అన్నా, బిల్లు పోయింది." నేను ఫోన్‌ను వాడి వైపు జరిపేవాణ్ణి. ఊళ్ళో న్యాయం నా కౌంటర్ మీదే నిలబడ్డదన్నంత గర్వం. అదే నేను 2022 చలికాలంలో నిజామాబాద్ పోయి, పెట్టె లేని, బిల్లు లేని లాప్‌టాప్‌ను పదిహేను వేలకు సంచిలో వేసుకుని బస్సెక్కాను. వేరేచోట అదే ఇరవై ఒక్క వేలు. ఆరు వేల తేడా ఎందుకొచ్చిందన్న ప్రశ్న నాకు రాలేదు. తక్కువకు దొరికినప్పుడు అది మన తెలివి వల్లే దొరికిందని అనిపిస్తుంది, అదేం మాయో.

మాలు మంచిదే. పెద్ద కంపెనీలు ఉద్యోగులకిచ్చే రకం, నల్లగా, బరువుగా, ఎనిమిదో తరం ఐ5. ఇట్లాంటివి కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి లాట్లు లాట్లుగా వదిలించుకుంటాయి. టోకు వ్యాపారులు కొని, ఊడ్చి తుడిచి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి బజార్లకు పంపుతారు. అక్కడి నుంచి జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి మాలాంటి వాళ్ళ సంచుల్లోకి. నాదాన్ని తిప్పి చూస్తే అడుగున ఒక చీటీ పీకిన గుర్తు ఉంది. అగ్గిపెట్టెంత నలుచదరం, అంచుల్లో దుమ్ము పట్టి నల్లబడ్డ జిగురు, ఒక మూలన బార్‌కోడ్ గీతలు నాలుగైదు మిగిలాయి. శానిటైజర్ పోసి బట్టతో రుద్ది, అది పూర్తిగా పోకపోతే దాని మీదే మా సెంటర్ స్టిక్కర్ అంటించాను. ఆ చీటీ ఎవరిది, ఎందుకు పీకారు అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఇంకొకరు వాడిన కంప్యూటర్ అంటే నాకు ఎంగిలి విస్తరి లెక్క. ముందు ఫార్మాట్ కొట్టించాలి, అప్పుడే చెయ్యి పెట్టబుద్ధవుతుంది. బాన్సువాడలో మనకు తెలిసిన తమ్ముడొకడు ఈ పని చేస్తాడు. పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ 10 ఎక్కించాడు. వైఫై పాస్‌వర్డ్ అడిగే దగ్గరికి రాగానే నేను ఫోన్ తీశాను.

"నెట్ ఇయ్యకన్నా. ఇస్తే మెయిల్ ఐడీ గియిల్ ఐడీ అని కిరికిరి పెడ్తది. నెట్ లేదని చెప్పు, సీదా పోతది."

సీదా పోయింది. నా పేరుతో ఖాతా, నీలం తెర, అంతా శుభ్రం. ఆ తర్వాత నెట్ ఇచ్చినా ఏ గొడవా లేదు. ఆ చిట్కా నేను కూడా నేర్చుకుని నలుగురికి చెప్పాను. చిట్కా పనిచేసిందంటే అది దేన్ని దాటించిందో అడగబుద్ధి కాదు మనకు.

కొన్ని నెలలు అది నా దుకాణానికి లక్ష్మి. తెలుగు టైపింగుకు అనూ ఫాంట్లు ఎక్కించాను, పేజ్‌మేకర్ ఎక్కించాను. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత దాన్ని తయారుచేసినవాళ్ళే దాన్ని మరిచిపోయారు గానీ, మన దగ్గర పెళ్ళిపత్రికల పనిలో దాన్ని వదలనివాళ్ళు ఇంకా ఉన్నారు, నాలాంటివాళ్ళు. వేలిముద్ర మెషీన్ కలిపాను. జనం వచ్చి వేలు పెట్టి పోతున్నారు.

2023 జూన్ వచ్చింది. డిగ్రీ ప్రవేశాల దోస్త్ వెబ్ ఆప్షన్ల రోజులు. ఏదో ఉచితంగా పీడీఎఫ్ మార్చే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను, దానితో పాటు పిలవని చుట్టాలు నలుగురు దిగారు. గూగుల్ తెరిస్తే ఇంకేదో పేజీ, ప్రతి క్లిక్కుకూ ఒక ప్రకటన. సగం దినం వాటితో కుస్తీ పట్టి, విసుగొచ్చి, సెట్టింగ్స్‌లోకి పోయి రీసెట్ నొక్కాను. అన్నీ తీసెయ్యాలా అని అడిగింది. తీసెయ్ అన్నాను. కావలసినవి పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయనుకున్నాను. సగమే ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆ ఎండాకాలం చేసిన పెళ్ళిపత్రికల డిజైన్లన్నీ అట్లా పోయాయి.

యంత్రం తిరిగి లేచింది. భాష అడిగింది, దేశం అడిగింది, వైఫై అడిగింది. పని తొందరలో ఉన్నాను, నెట్ ఇయ్యొద్దన్న మాట ఎక్కడ గుర్తుంటుంది? దుకాణం వైఫై ఇచ్చేశాను. కాసేపు చుక్కలు గుండ్రంగా తిరిగాయి. ఆ తర్వాత తెర మీద ఒక కంపెనీ పేరు వచ్చింది. పేరు చెప్పను, బెంగళూరులో ఆఫీసున్న ఒక కంపెనీ అనుకోండి. వాళ్ళ గుర్తు, దాని కింద ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీసు ఈమెయిలూ పాస్‌వర్డూ ఇవ్వండి అని ఇంగ్లీషులో. దాటెయ్యడానికి బటన్ లేదు. వెనక్కి పోవడానికి బాణం కూడా లేదు.

బిడ్డ డిగ్రీ ఆప్షన్ల కోసం ఒక పెద్దాయన ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూసి, "ఏమైంది పటేలా, కరెంటు పోయిందా?" అన్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆయనకు ఏం చెప్పను, ఈ కంప్యూటర్ నన్ను ఉద్యోగానికి రమ్మంటోందని చెప్పనా? పక్క దుకాణం కంప్యూటర్ మీద ఆయన పని చేయించి పంపాను.

మొదట వైరస్ అనుకున్నాను. తర్వాత నిజామాబాద్ దుకాణదారు మోసం అనుకున్నాను. తిట్టుకోవడానికి మనిషి దొరికితే మనసు తేలికపడుతుంది. ఆ రాత్రే మళ్ళీ ఫార్మాట్ కొట్టాను, అదే స్వాగతం. బాన్సువాడ తమ్ముడి దగ్గరికి తీసుకుపోయాను. వాడు కాసేపు చూసి, "హార్డ్‌డిస్క్‌లనే ఉన్నట్టున్నది అన్నా, మార్చి సూద్దాం" అని కొత్త ఎస్‌ఎస్‌డీ పాకెట్ చింపాడు. సీలు తీసిన చప్పుడు నేను విన్నాను. పాతది విప్పి పక్కన పెట్టాడు, కొత్తది బిగించాడు, విండోస్ ఎక్కించాడు. ఈసారి కావాలనే నెట్ ఇచ్చాడు. ఇద్దరం తెర మీదికి వంగి చూస్తున్నాం. చుక్కలు తిరిగాయి. కంపెనీ పేరు వచ్చింది.

ఒక అక్షరం కూడా రాయని డిస్క్. అందులో ఆ పేరు ఎట్లా ఉంటుంది? మా తమ్ముడు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఇది దీంట్ల లేదన్నా" అన్నాడు నెమ్మదిగా. "బయట ఎక్కడనో ఉన్నది."

ఇన్నేళ్ళూ నేను నమ్మింది ఒకటే మంత్రం: ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి. అట్లా పోనివి కూడా ఉంటాయని అప్పుడు తెలిసింది. ఆ స్వాగతం వెనకున్న దాని పేరు విండోస్ ఆటోపైలట్. మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చింది. కంపెనీ లాప్‌టాప్ కొన్నప్పుడు దాని మదర్‌బోర్డు వగైరా వివరాలతో తయారైన ఒక గుర్తును మైక్రోసాఫ్ట్ దగ్గర తన పేరు మీద నమోదు చేసుకుంటుంది. ఆ యంత్రం మొదటిసారి ఆన్ అయి నెట్‌లోకి రాగానే నేను ఫలానా అని చెప్పుకుంటుంది. జాబితాలో పేరుంటే ఆ కంపెనీ పద్ధతులన్నీ దిగుతాయి. ఇంట్లో కూర్చుని పనిచేసే ఉద్యోగికి పెట్టె విప్పని లాప్‌టాప్ నేరుగా పంపొచ్చు, ఐటీ వాళ్ళు ముట్టుకోనక్కర్లేదు. డిస్క్ మార్చినంత మాత్రాన ఆ నమోదు పోదు, మదర్‌బోర్డు మారాలి. లేదా నమోదు చేసుకున్నవాళ్ళే జాబితాలోంచి పేరు తీయాలి. మా తమ్ముడు నేర్పిన చిట్కా తాళం తీయలేదు. తాళం ఉందన్న సంగతి నాకు తెలియకుండా చేసింది, అంతే.

ఇంతకంటే మొండివి కూడా ఉన్నాయట. తమ్ముడు, విండోస్ కంటే ముందే నడిచే బయోస్‌ను తెరిచి సెక్యూరిటీ కింద ఒక వరుస చూపించాడు, కంప్యూట్రేస్ అని. కెనడాలో పుట్టిన అబ్సొల్యూట్ అనే సంస్థది. దొంగల పాలైన లాప్‌టాప్ జాడ తీయడానికి తయారీదారులే బయోస్‌లో పెట్టి పంపుతారు. దాన్ని ఒకసారి యాక్టివేట్ చేశారంటే డిస్క్ మార్చినా విండోస్‌లోకి తనంతట తానే తిరిగి వచ్చి కూర్చుంటుంది, దూరం నుంచి యంత్రాన్ని బిగించెయ్యగలదు. నాదాంట్లో అది యాక్టివేట్ కాలేదు. ఊపిరి పీల్చుకున్నాను గానీ, ఇంకో ఆలోచన పట్టుకుంది. అది యాక్టివేట్ అయి ఉంటే? ఇన్ని నెలలు నేను జనం వేలిముద్రలు పెట్టించింది ఎవరి చేతిలో ఉన్న యంత్రం మీద?

మీకు నిజమే చెప్తాను. ఆ ఆలోచన వచ్చాక కూడా సీజన్ అయిపోయేదాకా నెట్ లేకుండా మళ్ళీ ఎక్కించి దాన్నే వాడాను. లైనక్స్ పెట్టుకుంటే ఈ స్వాగతం బాధే ఉండదని తమ్ముడు అన్నాడు, నిజమే, ఆటోపైలట్‌కు లైనక్స్‌తో పనిలేదు. కానీ నాకు అనూ ఫాంట్లు కావాలి, పేజ్‌మేకర్ కావాలి, నా వేలిముద్ర మెషీన్‌కు విండోస్ కావాలి. గిరాకీ ముందర భయం ఎంతసేపు నిలుస్తుంది!

సీజన్ తగ్గాక ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక ఈమెయిల్ వెతికి, వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. అయ్యా, మీ లాప్‌టాప్ నా దగ్గరుంది, నేను దొంగను కాను, డబ్బులిచ్చి కొన్నాను, దయచేసి మీ పేరు తీసెయ్యండి. నాలుగైదు రోజులకు మర్యాదగా జవాబొచ్చింది. సీరియల్ నంబరు పంపండి, కొన్న బిల్లు జతచేయండి.

బిల్లు.

దుకాణంలో ఒక్కణ్ణే ఉన్నాను, అయినా ఎవరో చూస్తున్నట్టు అటూ ఇటూ చూశాను. నా కౌంటర్ అవతల నిలబడి నీళ్ళు నమిలిన పిల్లలంతా గుర్తొచ్చారు. వాళ్ళలో నిజంగా బావ ఫోన్ తెచ్చినవాళ్ళు ఎందరో. నిజామాబాద్ దుకాణానికి ఫోన్ చేస్తే, "పాత మాల్‌కు బిల్లేంది భాయ్?" అని నవ్వాడు. నా గొంతుతో నేను అనుకునే మాటే అది. చివరికి బయోస్‌లో ఉన్న నంబరు రాసి, మా స్టిక్కర్ పీకి, కింద మిగిలిన బార్‌కోడ్ ముక్కను ఫొటో తీసి పంపాను. శానిటైజర్‌తో ఇంకొంచెం గట్టిగా రుద్ది ఉంటే అదీ ఉండేది కాదు.

కొన్ని వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత జవాబు. ఆ లాప్‌టాప్ తాము అమ్మేసిన లాట్‌లోదేనని, జాబితాలోంచి పేరు తీయడం తమవైపు నుంచే మిగిలిపోయిందని, ఇప్పుడు తీసేశామని. కింద ఒక వాక్యం ఉంది. అమ్మేముందు డిస్క్‌లోని సమాచారం పూర్తిగా చెరిపించామనీ, ఒకవేళ తమకు సంబంధించినదేదైనా మీకు కనిపించి ఉంటే చెప్పమనీ.

మెషీన్ విడుదలైనందుకు సంతోషపడాల్సిన సమయంలో నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. వాళ్ళు సమాచారం చెరిపి పేరు తీయడం మరిచారు. ఈ లాప్‌టాప్ వచ్చాక నా పాత డెస్క్‌టాప్‌ను నాలుగు వేలకు పక్క ఊరి పిల్లగాడికి అమ్మాను. అమ్మేముందు మా సెంటర్ స్టిక్కర్ శ్రద్ధగా పీకాను, ఒక అరగంట పట్టింది. లోపల ఏముందో మాత్రం చూడలేదు.

లోపలున్నది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. దాంట్లో ఏళ్ళ తరబడి వాట్సాప్‌లో నాకు పంపించిన ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, పట్టాదారు పాస్‌బుక్కులు, పదో తరగతి మెమోలు.

ఇదేమీ బీర్కూర్‌కే పట్టిన తెగులు కాదు. ఎంఐటీలో చదువుతున్న గార్ఫింకెల్, షెలాట్ అనే ఇద్దరు పాత హార్డ్‌డిస్కులు 158 కొని చూసి 2003లో ఒక వ్యాసం రాశారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా చెరిపినవి పన్నెండే. మిగతావాటిలో కొన్నింట్లో క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్యం కాగితాలు, ప్రేమలేఖలు. మోర్గాన్ స్టాన్లీ అంతటి సంస్థ పాత కంప్యూటర్లను వదిలించే పని ఆ పని తెలియనివాళ్ళకు అప్పగిస్తే, ఖాతాదారుల వివరాలతో సహా కొన్ని ఆన్‌లైన్ వేలంలోకి పోయాయి. 2022 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ వాళ్ళకు మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అది చదివి కొంత ఓదార్పు పొందాలని చూశాను. కుదరలేదు, ఎందుకంటే ఆ ఫోల్డర్‌లో ఉన్న ముఖాలన్నీ నాకు తెలిసినవి, రోజూ దుకాణం ముందు నుంచి నడిచిపోయేవి.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరు పోయాను. పిల్లగాడు ఇంట్లోనే ఉన్నాడు. కంప్యూటర్ ఆన్‌లో ఉంది, ఏదో బండి ఆట ఆడుతున్నాడు. పక్కన కొత్తగా కొన్న చిన్న ప్రింటర్. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు.

"తమ్మీ, దీంట్ల నా పాత ఫైల్స్ కొన్ని ఉన్నయ్, తీసేసి పోత" అన్నాను, సాధ్యమైనంత తేలికగా.

వాడి ముఖం వాడిపోయింది. "అన్నా, తీసేస్తవా? మంచిగ పనికొస్తున్నయ్ గదనే. మా గల్లీల ఎవరికన్నా ఆధార్ ప్రింట్ కావాల్నంటే నీ దాంక ఎందుకు వోవుడని దీంట్లకెల్లే తీసిస్తున్న. పేపర్‌కు ఐదు రూపాయలే. నువ్వైతే పది తీస్కుంటవంట."

వాళ్ళ అమ్మ చాయ్ తెచ్చింది. డిలీట్ కొడితే సరిపోదని అప్పటికి నాకు తెలుసు. డిలీట్ అంటే పట్టికలోంచి పేరు కొట్టేయడమే, దాని మీద ఇంకేదో రాసేదాకా అసలు సరుకు అక్కడే ఉంటుంది. అందుకే విండోస్ రీసెట్‌లో డ్రైవ్ పూర్తిగా శుభ్రం చేయమన్న వరుస ఎంచుకున్నాను. అది గంటలు పట్టే పని. వాడి ఆటలు కూడా పోతాయన్నాను, వాడు ఇంకా వాడిపోయాడు. మళ్ళీ ఎక్కించి ఇస్తానని మాటిచ్చాను. శాతం అంకె పాకుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మధ్యలో పక్కింటి ఆయన తలుపు దగ్గరికొచ్చి, "ఏమిరా, నా ఆధార్ జిరాక్స్ రెండు కావాలె" అన్నాడు. పిల్లగాడు నా వైపు చూశాడు. ఇక దీంట్లో లేదు కాకా, కార్డు తీసుకుని దుకాణానికి రండి అన్నాను. ఎంత తీసుకుంటవ్ అని అడిగాడు. ఐదే అన్నాను.